ఒక్కొక్కరికి ఐదే

నరీన్
సెప్టెంబరు, దుంపలు తవ్విన వారం

నా చిట్టి చెల్లెలు సాదత్‌కు,

అక్క జూరా ముద్దులు. ఫోను చెయ్యడం లేదని కోప్పడకు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో నీ గొంతు నీళ్ల కింద రాళ్లు దొర్లుతున్నట్టు ఉంటుంది. "ఆఁ, ఆఁ" అంటూనే ఉంటాను గానీ నువ్వు చెప్పింది ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఉత్తరమైతే కావలసినన్ని సార్లు వినొచ్చు. మన వీధి సగిన్ వారానికి రెండుసార్లు బిష్కెక్‌కు కారు తోలుతున్నాడు. ఇది అతని చేతికిస్తున్నాను.

ఇక్కడ ఒక వింత జరిగింది. పాత ఉన్ని గోదాము కూలగొట్టి, ఆ చోట సూపర్ మార్కెట్ తెరిచారు. మనిషి కనపడగానే గాజు తలుపులు వాటంతటవే జరుగుతాయి. లోపలికి అడుగు పెట్టానో లేదో, రొట్టె కాలుతున్న వాసన! గుమ్మం పక్కనే పొయ్యి. ఆ తరువాత పండ్లు, అప్పుడే పొగమంచులోంచి తెచ్చినట్టు తడితడిగా. పైన ఏదో పాట. చెవిటిదానికి నీకెలా వినిపించింది అంటావేమో, కాళ్లకు వినిపించింది. కొండ మీద పచ్చికలో, మంచు తెరల మధ్య ఎవరో గుర్రాన్ని చేత్తో పట్టుకుని నడిపించుకుపోతున్నట్టుంది ఆ పాట. నా అడుగులు వాటంతటవే నెమ్మదించాయి.

లోపల కిటికీ లేదు. గడియారం లేదు. ఒకటే తెల్లటి వెలుతురు, నీడ పడని వెలుతురు. నాలుగు చక్రాల బండి ఒకటి నా ముందు తానే నడుస్తున్నట్టు నడిచింది. బయటికొచ్చి చూస్తే కొండల మీద ఎండ పోయింది. నేను వెళ్లింది ఉప్పు కోసం. బండి నిండా బిస్కెట్లు, ఎండు ద్రాక్ష, రెండు రకాల జామ్, నాకు పేరు కూడా తెలియని పెరుగు. ఉప్పు మాత్రం లేదు.

పక్కింటి బత్మా గేటు దగ్గర నిలబడి చూసింది. "ఏమే జూరా, పెళ్లి చేసుకుంటున్నావా? మాకు మాట మాత్రం చెప్పలేదే!" అంది.

నవ్వాను. కానీ నీకు తెలుసుగా, ముప్పై ఏళ్లు హాస్టల్లో రెండు వందల మంది గొర్రెల కాపరుల పిల్లలకు వండిన చెయ్యి నాది. గరిటె ఎక్కువయిందని గానీ తక్కువయిందని గానీ ఎవరూ అనలేదు. ఇప్పటికీ వీధిలో పెళ్లయినా చావయినా ఎంత బియ్యం పోయాలో నన్నే అడుగుతారు. అలాంటిదాన్ని ఒంటరి ప్రాణానికి ఇంత కొన్నాను. మీ బావ తుర్గున్ పోయి ఏడాది అవుతోంది కదా, ఇల్లు ఖాళీగా ఉంది, అందుకేనేమో.

నీ ఆఫీసు పని ఎలా ఉంది? తిను సరిగ్గా.

అక్క జూరా


బిష్కెక్
అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని చెబుతున్నట్టే ఉంది. నేను బాగున్నాను. పని ఎప్పటిలాగే, కాగితాలు, గీతలు. చెప్పుకోడానికి ఏమీ లేదు.

ఆ కొత్త షాపుకి రోజూ వెళ్లకు. వెళ్లాల్సి వస్తే కడుపు నిండా తిని వెళ్లు. బండి తీసుకోకు, చేతిసంచీ చాలు. పాలు కావాలంటే అటూ ఇటూ చూడకుండా వెనక గోడ దాకా వెళ్లి, తీసుకుని, వచ్చిన దారినే వచ్చెయ్. పసుపు రంగు అట్టముక్కలు చదవకు.

నువ్వు ఖాళీ ఇల్లు అన్నావు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇక్కడ పదో అంతస్తులో నా కిటికీలోంచి సాయంత్రం పూట మంచు కొండలు గులాబీ రంగులోకి తిరుగుతాయి. వాటి అవతలే కదా నువ్వు, అనుకుంటాను.

సాదత్


నరీన్
డిసెంబరు, నది అంచులు గడ్డకట్టాయి

సాదత్,

ఒక మాట అడుగుతాను. పాలు వెనక గోడ దగ్గర ఉంటాయని నీకెలా తెలుసు? నేను రాయలేదు. బిష్కెక్‌లోనూ అలాగే పెడతారేమోలే.

నువ్వు చెప్పినట్టే సంచీ పట్టుకెళ్లాను. వాకిట్లో ఒక పిల్ల ఎంతో మర్యాదగా, "అమ్మమ్మా, బరువెందుకు మోస్తారు" అంటూ బండి చేతికిచ్చింది. కాదనలేకపోయాను.

ఈమధ్య ఆ షాపు కలలోకి కూడా వస్తోంది. కలలో అది మరీ పొడుగ్గా ఉంటుంది. అరల మధ్య నడుస్తూ ఉంటాను, చివర ఎక్కడో తుర్గున్ నిలబడి ఉంటాడు, టోపీ చేతిలో పట్టుకుని. అతని కోసం ఒక్కొక్కటే తీసి బండిలో వేస్తుంటాను. దగ్గరకు వెళ్లేసరికి అక్కడ పాలు తప్ప ఎవరూ ఉండరు. లేచాక కాసేపు ఏది కల, ఏది నిన్నటి సాయంత్రమో తేల్చుకోలేను.

నేలమాళిగ నిండిపోయింది. బంగాళదుంపల మీద మాకరోనీ పెట్టెలు పేర్చాను. "ఒక్కొక్కరికి ఐదే" అని షాపులో పసుపు అట్టముక్క మీద రాసి పెట్టారు. అందరూ ఐదేసి తీస్తున్నారు. ఐదు వదిలేస్తే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది, తీసుకున్నాను. మర్నాడు మళ్లీ వెళ్లి ఇంకో ఐదు.

నిన్న రొట్టెలు బూజు పట్టాయి. నాలుగు రొట్టెలు. రొట్టె పారెయ్యకూడదని నీకు నేర్పింది నేనే. గుడ్డలో చుట్టి, ఎవరూ చూడకుండా బత్మా ఆవు ముందు పెడదామని వెళ్లాను. బత్మా ఎదురయింది. "ఆ మూటలో ఏంటి, దొంగసొత్తా?" అంది. నేను నవ్వలేకపోయాను. అది నా మొహం చూసి మాట మార్చింది.

అమ్మకు మతి తప్పడం మొదలైనప్పుడు ఎన్నేళ్లో నీకు గుర్తుందా? నాకు గుర్తు రావడం లేదు.

జూరా


బిష్కెక్
జనవరి

అక్కా,

పండగ రోజుల్లో ఊపిరి సలపనంత పని. అందుకే ఆలస్యమయింది.

అమ్మ సంగతి వేరు. నువ్వు అనవసరంగా భయపడుతున్నావు. చలి తగ్గాక ఇక్కడికి రా, మంచి డాక్టరుకు చూపిద్దాం. మాకరోనీ ఎవరికైనా ఇచ్చెయ్.

ఇంకేం రాయాలో తోచడం లేదు.

సాదత్


నరీన్
ఫిబ్రవరి పదకొండు

సాదత్,

మన వీధి చివర జెక్షెన్ పోయాడు. నిద్రలోనే పోయాడు, అదృష్టవంతుడు. నిన్న అతని భార్య కాలిపా వచ్చింది. నలభయ్యో రోజు భోజనాలకు ఎంత మాంసం, ఎంత బియ్యం, ఎంత పిండి కావాలో చెప్పమంది.

నా వల్ల కాదన్నాను.

"అదేంటక్కా, నువ్వు కాకపోతే ఎవరు చెప్తారు?" అంది.

"బత్మాను అడుగు. నాకు ఓపిక లేదు" అన్నాను.

ఓపిక లేక కాదు, చెల్లీ. నీ దగ్గర దాచి ఏం చేస్తాను. నాలుగు రోజుల కిందట ఆ షాపులోనే నిలబడి ఉన్నాను. వెలుతురు, పాట, ఆ తెల్లటి మత్తు. ఇంటికొచ్చి సంచీ విప్పితే పసిపిల్లల పాలపొడి డబ్బాలు రెండు. ఎప్పుడు తీశానో తెలియదు. నా ఇంట్లో పసిపిల్లలు ఎక్కడున్నారు? డబ్బాలు బల్ల మీద పెట్టి, వాటి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అమ్మ చివరి రోజుల్లో గిన్నెలో గులకరాళ్లు పోసి ఉడకబెట్టేది, గుర్తుందా? "అవి దుంపలమ్మా, మెత్తబడాలి" అనేది. నాది గులకరాళ్ల దాకా ఇంకెంత దూరం?

చేతికి కొలత పోయింది. కొలత పోయినదాన్ని నలభయ్యో రోజు గుండిగ దగ్గర నిలబెడితే, చనిపోయినవాడి ముందు కాలిపా తల దించుకోవాలి. అందుకే వద్దన్నాను.

తోక్మోక్ వైపు ముసలివాళ్లను ఉంచుకునే చోటు ఒకటుందని సగిన్ చెప్పాడు. వసంతం వచ్చాక పేరు రాయించుకుంటాను. నీ దగ్గరకు రమ్మనకు. అమ్మకు నేను చేసినవన్నీ నువ్వు నాకు చెయ్యడం నాకు ఇష్టం లేదు.

జూరా


బిష్కెక్
ఫిబ్రవరి పద్నాలుగు

అక్కా,

సగిన్‌ను కారు దగ్గరే ఆపి రాస్తున్నాను. దాటుకుంటూ కాకుండా ఒక్కో మాటా చదువు.

నీ మతి పోలేదు. పోయినట్టు నీకు అనిపించేలా చేసింది నేను.

నేను కాగితాల మీద గీతలు గీస్తానని చెప్పానే, అవి షాపుల గీతలు. ఏ సరుకు ఎక్కడ ఉండాలో, మనిషి ఎటు నుంచి ఎటు నడవాలో గీస్తాను. పదకొండేళ్లుగా నా పని ఇదే. నరీన్ షాపు గీతలు కూడా నావే. మన ఊరికి నేను చేస్తున్న మేలు అనుకుంటూ గీశాను. పాలు వెనక గోడ దగ్గర ఉంటాయని నాకెలా తెలుసని అడిగావు. అక్కడే ఎందుకంటే, పాలు అందరికీ కావాలి కాబట్టి, వాటి కోసం అంత దూరం నడిస్తే దారిలో పది వస్తువులు కంటపడతాయి కాబట్టి. అక్కడ పెట్టమని గీసింది ఈ చెయ్యే.

గుమ్మం దగ్గర రొట్టె పొయ్యి నేను పెట్టించాను, ఆకలి పుట్టడానికి. కిటికీలు వద్దన్నాను, పొద్దు తెలియకుండా ఉండటానికి. పాట గుండె కొట్టుకునే దానికన్నా నెమ్మదిగా ఉండాలన్నాను. ఖరీదైన సరుకు ఉన్నచోట నేల పలకలు చిన్నవి వేయించాను. చక్రాలు గడగడలాడితే జోరుగా పోతున్నాననుకుని మనిషి నెమ్మదిస్తాడు. బండి చేతికిచ్చే పిల్లకు ఆ మాట నేర్పిన కాగితం రాసింది కూడా నేనే.

"ఒక్కొక్కరికి ఐదే." అది నా సొంత బుద్ధి. ఇక్కడి షాపులో మాకరోనీ కదలక పడి ఉంటే, ఒక అట్టముక్క మీద ఆ మాట రాసి పెట్టాను. సరుకు గుట్టలుగా ఉంది, ఐదు అనే హద్దు అబద్ధం. ఒకటి కొనేవాళ్లు ఐదు తీశారు. మధ్యాహ్నానికి కుప్ప ఖాళీ. పైవాళ్లు మెచ్చుకుని నాకు కిటికీ ఉన్న గది ఇచ్చారు.

పాలపొడి డబ్బాలు నడవ మలుపులో, చెయ్యి చాస్తే అందే ఎత్తులో పెట్టాలన్నది కూడా నేనే. పిల్లలున్నవాళ్ల చేతులే కాదు, ఎప్పుడో పిల్లల్ని పెంచినవాళ్ల చేతులు కూడా అటు పోతాయని మాకు తెలుసు. అమ్మకు పాలు పడకపోతే పదహారేళ్ల పిల్లవి నువ్వు పాలపొడి కలిపి నన్ను పెంచావు. నీ చెయ్యి దారి తప్పలేదు అక్కా. దానికి తెలిసిన చోటికే అది వెళ్లింది. అక్కడ కాచుకుని కూర్చున్నది నేను.

నీ డిసెంబరు ఉత్తరం చదివినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నువ్వు నన్ను ఎలా చూస్తావో అని భయపడ్డాను. నీకు మతి పోతోందని నువ్వు వణుకుతుంటే, నా పరువు కోసం డాక్టరు పేరు చెప్పి తప్పుకున్నాను. షాపు చేసిన దానికంటే ఇది పెద్ద తప్పు.

ఎక్కడా పేరు రాయించుకోకు. కాలిపాకు మాటివ్వు. నన్ను ఏమన్నా అను.

సాదత్


నరీన్
మార్చి రెండు

సాదత్,

నీ ఉత్తరం రెండు వారాలు పరుపు కింద పెట్టుకుని పడుకున్నాను. జవాబు రాయబుద్ధి కాలేదు. ఇప్పుడూ కాలేదు.

నిన్న ఆ షాపుకి వెళ్లాను. బత్మాను తోడు తీసుకెళ్లాను. ఎందుకని అడిగితే, "షాపులవాళ్లు మనల్ని ఎలా పట్టుకుంటారో పేపర్లో చదివాను, చూపిస్తా రా" అన్నాను. నీ పేరు చెప్పలేదు. దాని నోట పడితే సాయంత్రానికల్లా వీధంతా తెలుస్తుంది. ఎంత కోపమున్నా నువ్వు నా చెల్లెలివి, నిన్ను నేనే తిట్టాలి గానీ బత్మా తిట్టకూడదు.

తలుపులు తెరుచుకున్నాయి. రొట్టె వాసన వచ్చింది. అమ్మ చెయ్యి గుర్తొచ్చింది, ఎప్పటిలాగే. ఆ వాసన నీది కూడా కదా, అదే పొయ్యి దగ్గర ఇద్దరం పెరిగాం. దాన్నే పట్టుకుపోయి గుమ్మంలో కట్టేశావు.

బండి వద్దన్నాను. ఆ పిల్ల, "బరువెందుకు..." అని మొదలుపెట్టింది. "బరువు మోసే అలవాటు నాకుందమ్మా" అని లోపలికి నడిచాను. పలకలు చిన్నవయ్యే చోటు కాలికి తెలిసింది. మలుపులో పాలపొడి గుట్ట అలాగే ఉంది. నా చెయ్యి లేచింది. నిజంగానే దానంతట అది లేచింది. గాల్లో ఉన్న నా చేతిని నేనే చూస్తూ నిలబడ్డాను. తరువాత మెల్లగా దించుకున్నాను.

పాల దాకా వెళ్లేసరికి ఏడుపొచ్చింది. కల విరిగినందుకు, చెల్లీ. ఆ తెల్లటి వెలుతురులో ఇన్ని నెలలు ఎవరో నన్ను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టే ఉండేది. తుర్గున్ పోయాక అంత ఓపిగ్గా నా పక్కన నడిచినవాళ్లు లేరు. తీరా చూస్తే అది ఒక కాగితం, దాని మీద నీ గీతలు.

బత్మా మాత్రం పండగ చేసుకుంది. "ఇదిగో ఇక్కడొకటి! ఇదీ మోసమేనా? అయ్యో, ఇది నేను పోయిన వారమే కొన్నానే!" అని నడవ నడవకీ అరుపులు. జనం మా వెనక చేరారు.

చివర బిల్లు వేసే పిల్ల నా టీ పొట్లం చూసి, "బామ్మా, ఇంకోటి తీసుకుంటే రెండోది సగానికే వస్తుంది" అంది.

"నాకున్నది ఒకటే నోరమ్మా" అన్నాను.

ఆ పిల్ల గట్టిగా నవ్వేసి, వెంటనే చుట్టూ చూసుకుంది, ఎవరైనా విన్నారేమోనని. అదీ ఎవరో కాగితం రాసిచ్చిన మాటలే అంటోంది కదా అనిపించింది. దాని మీద కోపం రాలేదు. నీ మీద వచ్చింది.

కాలిపాకు మాటిచ్చాను, గుండిగ దగ్గర నేనే నిలబడతానని. తప్పుతుందేమో తెలియదు. తప్పితే అది నా తప్పు, ఒప్పయితే అదీ నాదే.

ఇంకేమీ రాయను.

జూరా


బిష్కెక్
మార్చి తొమ్మిది

అక్కా,

నువ్వు రాయనన్నావు కాబట్టి జవాబు కోరి రాయడం లేదు. నీకు తెలియాలని రాస్తున్నాను.

పైవాళ్లు ఓష్‌లో కొత్త షాపుకి గీతలు గియ్యమన్నారు. కిటికీలు పెడతానన్నాను. నవ్వారు. "ఐదే" అట్టముక్క పెట్టనన్నాను. అప్పుడు నవ్వలేదు. ఆ పని వేరేవాళ్లకిచ్చి నన్ను సరుకు దించే గోదాములోకి మార్చారు. ధైర్యం చేశానని అనుకోకు. పైగా నేను మానేసినంత మాత్రాన షాపు మారదు. నాకంటే బాగా గీసేవాళ్లు వరసలో ఉన్నారు. నరీన్‌లో కూడా ఏమీ మార్పించలేకపోయాను.

గోదాములో పొద్దున పెద్ద తలుపులు తీస్తే ఎండ లోపలి దాకా వస్తుంది. దుమ్ము అందులో తేలుతుంటుంది. ఎవరూ ఎవరికీ ఏమీ అంటగట్టని చోటు. నిన్న కాసేపు బస్తాల మీద కూర్చుని అలా చూస్తూ ఉండిపోయాను.

సాదత్


నరీన్
మార్చి ఇరవై ఆరు, నది మంచు విరుగుతోంది

సాదత్,

రాయనన్నాను, రాస్తున్నాను. మొన్న జరిగింది నీకు కాక ఎవరికి చెప్పను?

భోజనాలకు రెండు రోజుల ముందు కాలిపా పరుగెత్తుకుంటూ వచ్చింది. షాపులో పెద్ద గుడ్డ కట్టారట, విందులకు బస్తా మీద బస్తా అని. "అక్కడి పిల్ల నూట అరవై మందికి పది కిలోల బియ్యం బస్తాలు ఆరన్నా కావాలంటోంది. తక్కువ పడితే మా ముసలాయన పరువేం కాను? ఆరు తెచ్చేస్తానక్కా" అంది.

"మూడు" అన్నాను.

"మూడా! నీకు మతి గానీ పోయిందా?"

ఆ మాటకు ఒక్క క్షణం ఆరు అనేద్దామనుకున్నాను. అంటే పోయేదేముంది, మిగిలితే ఎవరూ తప్పు పట్టరు. కానీ కళ్లు మూసుకున్నాను. మన వీధివాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు నా కళ్ల ముందు. ముసలివాళ్లు గుప్పెడు తింటారు. గుర్రాలు తోలేవాళ్లు రెండోసారి పెట్టించుకుంటారు. పసివాళ్లు మాంసం వదిలేసి వేయించిన పిండిముక్కలు జేబుల్లో నింపుకుంటారు. వెళ్లేటప్పుడు ప్రతి ఇంటికీ ఒక వాటా మూట కట్టాలి. అందరినీ చూశాను, అందరి పళ్లాలూ చూశాను.

"మతి ఉంది కాబట్టే మూడంటున్నాను. తే" అన్నాను.

ఆ రోజు పొద్దున్నే వాకిట్లో మూడు గుండిగలు ఎక్కించాం. పొగ, ఆవిరి, కరుగుతున్న మంచు, అన్నీ కలిసి ఇల్లంతా తేలుతున్నట్టుంది. మనుషులు పొగలోంచి వచ్చి, తిని, పొగలోకి వెళ్లిపోతున్నారు. అంతా సవ్యంగా సాగుతోంది అనుకుంటుండగా అత్‌బాషీ నుంచి రెండు కార్లు దిగాయి. ఎవరూ పిలవని పదకొండు మంది, జెక్షెన్‌తో ఒకప్పుడు గొర్రెలు మేపినవాళ్లు. కాలిపా మొహం పాలిపోయింది. "చెప్పానా! చెప్పానా నీకు!" అని నా చెవిలో అరిచింది, కుడి చెవిలోనే.

నేను గరిటె కొంచెం వాల్చి పట్టుకున్నాను, అంతే. ఒక్కో పళ్లెంలో తగ్గింది ఎవరికీ కనపడనంత. పదకొండు మందీ తిన్నారు. వాళ్లలో ఒక ముసలాయన రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. వాటాలు కట్టాం. ఆఖరివాడు మన సగిన్, రోడ్డు మంచుతో మూసుకుపోయి ఆలస్యంగా వచ్చాడు. అతనికి అడుగున గీకి పెట్టాను. గరిటె గుండిగకు తగిలి ఖంగుమంది. నాక్కూడా వినిపించింది.

బత్మా మూడు గుండిగల్లోకీ తొంగి చూసింది. "ఒక్క మెతుకు లేదు కదే!" అంది. దాని గొంతులో వెటకారం లేదు.

అప్పుడు కాలిపా అడిగింది, "అక్కా, నీకేదీ?"

చూసుకుంటే నాకు లేదు. అందరినీ లెక్కపెట్టాను గానీ వండేదాన్ని నన్ను మరిచిపోయాను. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. చావింట్లో నవ్వకూడదని నోళ్లు మూసుకుంటే నవ్వు ఇంకా ఎక్కువైంది. చివరికి కాలిపా నవ్వు ఏడుపులోకి జారింది. తన రొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టి, నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను ఆ రొట్టె తింటూ నిలబడ్డాను. ఎన్ని నెలలుగానో నాకు ఇంత ఆకలి వేసింది లేదు.

సాయంత్రం నది ఒడ్డుకు నడిచాను. మంచు పలకలు విరిగి నెమ్మదిగా తేలిపోతున్నాయి. ఇంటికొచ్చి నేలమాళిగ తలుపు తీశాను. దానిలో మిగిలినవన్నీ అప్పటికే పంచేశాను, ఒట్టి మట్టి వాసన. ఖాళీ అంటే భయమేసి ఇన్నాళ్లూ నింపుతూ వచ్చాను. మెట్టు మీద కూర్చుని ఆ చీకట్లోకి చూశాను. తుర్గున్ లేడు. లేడు, అంతే. కాసేపటికి అది కూడా ఊపిరి ఆడనివ్వని విషయమేమీ కాదనిపించింది.

నిన్ను క్షమించానా అంటే నాకే ఇంకా తెలియదు. ఒక రోజు క్షమించినట్టుంటుంది, మర్నాడు మళ్లీ కడుపు మండుతుంది. అది తేలేదాకా ఆగితే నేను ముసలిదాన్నయిపోతాను. మే నెలకు కనుమ దారిలో మంచు పూర్తిగా కరుగుతుంది. సగిన్ ముందు సీటు నీ కోసం ఉంచుతాడట.

రా. మిఠాయిలు, టీ పొట్లాలు, శాలువాలు ఏమీ తేకు. చేతులూపుకుంటూ రా. వీధంతా చూస్తుంది. "పుట్టింటికి ఒట్టి చేతులతో వచ్చింది" అని బత్మా అంటుంది. అననీ.

అక్క